తాంబాళంలో మిగిలిన పిండి

గుంటూరు, బ్రాడీపేట
డిసెంబరు మొదటివారం

చి॥ బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

చిన్నోడా, మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి మీ అమ్మమ్మ పిలుస్తోందని చెప్పి తప్పించుకున్నాను. ఎవరూ పిలవలేదు. "గ్రహశకలాలంటే పగిలిపోయిన గ్రహం ముక్కలేగా తాతయ్యా, మరి ఎవరు పగలగొట్టారు?" అన్నావు. నీ తప్పేం లేదు. శకలం అంటే ముక్కే. పేరే అలా పెట్టాం మరి.

నీలాగే ఒకాయన అనుకున్నాడులే. 1801 జనవరి 1 రాత్రి సిసిలీ దీవిలోని పలెర్మోలో పియాజీ అనే పాదిరీ గారికి పటాల్లో లేని చుక్క ఒకటి కనబడింది. రోజూ కాస్త కాస్త జరుగుతోంది. అదే సిరీస్, మొట్టమొదట దొరికిన గ్రహశకలం. మరుసటేడు ఓల్బర్స్ అనే జర్మనీ డాక్టరు అటువైపే పల్లాస్ అని ఇంకోదాన్ని పట్టుకున్నాడు. కుజుడికీ గురుడికీ మధ్య ఒక గ్రహం ఉండాలని అప్పటివాళ్ల లెక్క. ఒకటి ఉండాల్సిన చోట రెండు కనబడేసరికి, ఇక్కడేదో గ్రహం బద్దలైందని ఆయన తేల్చాడు. బద్దలవడానికి ముందు అక్కడ గ్రహమంటూ తయారైతేగా!

ఇది చెప్పాలంటే సున్నుండల దగ్గరికి పోవాలి. సంక్రాంతి ముందు మా అమ్మమ్మ మినుములు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం తురిమి కలిపి, ఇత్తడి తాంబాళంలో పోసుకుని కూర్చునేది. కాచిన నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ, పిడికిట్లో పట్టి మెల్లగా నొక్కేది. గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. 456 కోట్ల ఏళ్ల కిందట కొత్తగా పుట్టిన సూర్యుడి చుట్టూ దుమ్మూ, రాళ్లూ, మంచూ తిరుగుతూ మెల్లగా తగులుకుని, అతుక్కుని, ఇలాగే ఉండలు కట్టాయి. భూమి ఒక ఉండ. కుజుడు పిండి చాలక చిన్నదైన ఉండ.

ఒక ఏడు ఎందుకో అమ్మమ్మ ఆ తాంబాళాన్ని నులకమంచం మీద పెట్టుకుంది. మా పెద్దన్నయ్య మంచి ఒళ్లున్న మనిషి. వచ్చి ఆ కొసన కూర్చుని కాళ్లూపడం మొదలుపెట్టాడు. సగం చుట్టి పెట్టినవి ఒకదాన్నొకటి గుద్దుకుని విచ్చిపోయాయి. పిండి చాలావరకు నులక సందుల్లోంచి నేలపాలైంది. చీమలకి పండగ. అమ్మమ్మ చెవి మెలిపెడితే "నేను ముట్టుకోనైనా లేదు!" అని ఏడ్చాడు. నిజమే, ముట్టుకోలేదు.

ఆకాశంలో ఆ అన్నయ్య ఎవరో తెలుసా? గురుడు. పేరు గురువే, పని మాత్రం ఇది. భూమికి 318 రెట్లు బరువు. తనకీ కుజుడికీ మధ్యనున్న పిండిని ముట్టుకోకుండానే, దూరం నుంచే తన ఆకర్షణతో ఊపేశాడు. మెల్లగా తగలాల్సినవి సెకనుకి 5 కిలోమీటర్ల దాకా వేగంతో గుద్దుకున్నాయి. ఇక అతుకుతాయా? చాలా సరుకు ఎటో చెదిరిపోయింది. ఇవాళ అక్కడ మిగిలిందంతా ఊడ్చి ఒక్కచోట పోసినా, మన చందమామ బరువులో నూటికి మూడు పాళ్లు ఉంటుందేమో. అందులో మూడో వంతుకు పైనే ఒక్క సిరీస్. దాని అడ్డకొలత 940 కిలోమీటర్లు. బెజవాడ నుంచి విశాఖ రైల్లో వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది.

సగం కట్టిన ఉండలు గుద్దుకుని పగిలిన ముక్కలు అక్కడ బోలెడున్నాయి కాబట్టి 'శకలం' అబద్ధం కాదు. ముందు 'గ్రహం' అని తగిలించడమే తొందరపాటు. పేరు తెలియగానే సంగతి తెలిసిపోయిందనుకోకండర్రా. నేను అరవై ఏళ్లు అలాగే అనుకున్నాను.

సినిమాల్లో చూపించినట్టు అక్కడ రాళ్లు కిక్కిరిసి ఉండవు. 1972లో బయల్దేరిన పయొనీర్ 10 అనే అమెరికా నౌక మధ్యలోంచి దూసుకుపోయింది, ఒక్కటీ తగల్లేదు.

నా పోలిక ఒకచోట చెడుతుంది, అదీ చెప్పేస్తాను. మినుములు నల్లబడ్డాయంటే మాడాయని అర్థం. ఈ రాళ్లలో మాత్రం బొగ్గులా నల్లగా ఉన్నవే పెద్దగా వేడి తగలని పచ్చి సరుకు. పొయ్యి మీద పెట్టకుండా దాచిన మొదటి పిండి అన్నమాట. బెన్ను అనే గ్రహశకలం మీంచి అమెరికావాళ్ల నౌక గుప్పెడు తీసుకుని 2023 సెప్టెంబరులో యూటా ఎడారిలో దింపింది. తూచితే 121.6 గ్రాములు. మహా అయితే మూడు సున్నుండలు! ఆ నల్లటి పొడిలో ఉప్పులూ, ప్రాణుల ఒంట్లో ఉండే అమైనో ఆమ్లాలూ దొరికాయి. అవి అక్కడికెలా వచ్చాయంటే నా దగ్గర సున్నుండ పోలిక లేదు. చదివి, పేపరు మడిచి, కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు పని చెబుతా. ఈ నెల 13 రాత్రి పది దాటాక డాబా ఎక్కండి. దుప్పటి పరుచుకోండి, చెవులకి మఫ్లరు చుట్టుకోండి. తూర్పుకి తిరిగితే గొల్లకావడి, వరసగా మూడు చుక్కలు, బుజ్జికి తెలుసు. దానికి ఎడమవైపు కిందుగా పక్కపక్కనే రెండు మెరిసే చుక్కలు, అవి పునర్వసు. ఆ దిక్కునుంచి చుక్కలు రాలుతుంటాయి. మామూలుగా ఇలాంటి జల్లులు తోకచుక్కలు వదిలిన దుమ్ము. ఇది మాత్రం ఫేథాన్ అనే గ్రహశకలం రాల్చిన పొడి. అయిదారు కిలోమీటర్ల రాయి, 1983లో దొరికింది. ఫోను కింద పెట్టి వెళ్లండి. చీకటికి కళ్లు అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చిన్నోడు అయిదో నిమిషానికే "ఏవీ?" అంటాడు, బుజ్జీ, నువ్వు కాస్త ఓపిక పట్టించు.

ఎన్ని లెక్కపెట్టారో ఉత్తరం రాయండి. మీ అమ్మమ్మ సున్నుండలు చేసింది, రేపు కొరియర్‌లో పంపిస్తున్నాను. దారిలో కుదుపులకి సగం విచ్చిపోతాయి. డబ్బా అడుగు పొడి పారేయకండి, చెంచాతో తినండి.

మీ తాతయ్య