అపోహలు – వాస్తవాలు: జూడో వస్తే ఒడ్డూపొడుగుతో పనిలేదా?

జూన్‌లో బళ్లు తెరిచారంటే చాలు, మా క్లబ్ గుమ్మం దగ్గర ప్రతి ఏడాదీ ఒకటే సీను. ముందు తండ్రి, వెనక బ్యాగు మోస్తూ బక్కపలచటి పిల్లాడు. "మాస్టారూ, మావాణ్ణి క్లాసులో ఒక లావుపాటివాడు ఏడిపిస్తున్నాడండీ. జూడో వస్తే ఎంత పెద్దోణ్ణయినా ఎత్తి పడెయ్యొచ్చట కదా?" నేను అవునంటానని ఆయన ఆశ. నేను కాదంటే అవుననేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఇరవై రెండేళ్లుగా ఇదే ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అందుకే రాసి పెడుతున్నాను.

అపోహ: టెక్నిక్ ఉంటే సైజు లెక్కలోకి రాదు.

వాస్తవం: వస్తుంది, బాగా వస్తుంది. రాకపోతే ప్రతి టోర్నమెంటులో బరువు తూచే మిషన్ ఎందుకండీ? జూడోలో సీనియర్ మగవాళ్లకు 60, 66, 73, 81, 90, 100, ఆ పైన అని ఏడు కేటగిరీలు. ఆడవాళ్లకు 48 నుంచి మొదలుపెట్టి 78 పైన దాకా మరో ఏడు. 60కీ 66కీ మధ్య ఆరు కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలో పావు వంతు. ఆ మాత్రం తేడా ఉన్నా ఆట సమంగా ఉండదని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఇక 45 కిలోల పిల్లాడు 80 కిలోలవాణ్ణి పడేస్తాడని నేనెలా చెప్పను?

టెక్నిక్ తేడాని కొంత పూడుస్తుంది. అవతలివాడికి ఏమీ రాకపోతే చాలానే పూడుస్తుంది. వాడికీ ఓ మోస్తరుగా వచ్చిందా, మనకున్న మొగ్గు గబగబా కరిగిపోతుంది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు బరువు 58 కిలోలు, జూడోలో తొమ్మిదేళ్ల అనుభవం. ఒక క్యాంపులో పోలీసు శాఖ నుంచి వచ్చిన ఒకాయనతో రాండోరికి, అంటే ప్రాక్టీసు కుస్తీకి, దిగాను. ఆయన 95 కిలోలు, నేర్చుకుని మూడేళ్లే. మొదటి నిమిషం నాదే. కాళ్లు తప్పిస్తుంటే తూలుతున్నాడు, గట్టుమీద కుర్రాళ్లు ఈలలు. అప్పుడు ఆయన చెయ్యి నా భుజం మీదుగా వెళ్లి వెనక కాలర్ పట్టుకుంది. మెడమీద తడిసిన గోనె బస్తా వేసినట్టయింది. తల వంగిపోయింది, ఆయన పాదాలు తప్ప ఇంకేమీ కనపడవు. అయినా సందు చూసుకుని సెయోయి నాగెకి, అంటే వీపు మీదికి ఎత్తి ముందుకు విసిరే పట్టుకి, లోపలికి దూరాను. ఆయన మడమలు లేచాయి కూడా, నా వీపుకి తెలిసింది. పాపం, ఆయన ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు, నడుము కిందికి దించి కూర్చున్నాడంతే. నేను కింద, ఆయన పైన. రెండు పక్కటెముకలు చిట్లాయి. ఆరు వారాలు తుమ్ము వస్తే భయం. మా అమ్మ అయితే ఆ తెల్ల యూనిఫాం దాచేసింది, అది వేరే కథ.

జూడో పుట్టిన జపాన్‌కే ఈ పాఠం ఇంకా గట్టిగా తగిలింది. కానో జిగోరో 1882లో జూడో మొదలుపెట్టినప్పటి నుంచి మెత్తనిది గట్టిదాన్ని గెలుస్తుందన్న మాట ఉంది. 'జు' అంటేనే మెత్తదనం. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి జూడో పెట్టారు. బరువు పరిమితి లేని ఓపెన్ విభాగం ఫైనల్లో జపాన్ ఆటగాడు కామినాగా అకియోని దాదాపు రెండు మీటర్ల పొడుగున్న డచ్ మనిషి ఆంటన్ గీసింక్ కింద అదిమిపెట్టి గెలిచాడు. టెక్నిక్‌లో కామినాగాకి ఎవరూ వంక పెట్టలేరు. గీసింక్‌కి ఒళ్లూ ఉంది, టెక్నిక్కూ ఉంది. 1984 తర్వాత ఒలింపిక్స్‌లో ఆ ఓపెన్ విభాగమే లేదు.

దీనికి ఎదురుగా, నేలమీద పట్లలో ఆరితేరిన బ్రెజిల్ మనిషి రాయిస్ గ్రేసీ పేరు చెబుతారు. నిజమే, 1993లో మొదటి యూఎఫ్‌సీలో, అంటే రకరకాల యుద్ధ విద్యలవాళ్లు తలపడే పోటీలో, ఈ 80 కిలోల మనిషి తనకంటే పెద్దవాళ్లను వరసగా లొంగదీశాడు. కానీ ఆ రోజు అవతలివాళ్లలో చాలామందికి నేలమీద పడ్డాక ఏం చెయ్యాలో తెలియదు. నాలుగేళ్లు తిరక్కముందే అక్కడా బరువు విభాగాలు వచ్చేశాయి. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ పేరూ చెబుతారు. ఆ అమ్మాయి 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. గొప్ప విషయమే, కాని కొట్టింది తన బరువున్నవాళ్లనే కదా. ఇక పెద్దవాళ్లయితే చలిచీమలు పామును చంపిన పద్యం అందుకుంటారు. అయ్యా, ఆ చీమలు ఒక్కటొక్కటే రాలేదు, గుంపుగా వచ్చాయి.

ఈ అపోహ పిల్లాడి దగ్గర ఆగిపోతే నేనింత రాసేవాణ్ణి కాదు. దీనికి అసలు మూల్యం చెల్లించేది ఆడపిల్లలు. రెండు రోజుల సెల్ఫ్ డిఫెన్స్ క్యాంపు, చివర్లో సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫొటో. ఒక కాలేజీ వాళ్లు పోయినేడు నన్ను పిలిచారు. అంతకుముందు ఏడాది ఎవరో వచ్చి చెయ్యి విడిపించుకోవడం నేర్పి వెళ్లారట. ఒకమ్మాయి ముందుకొచ్చి "నాకు వచ్చు సార్, పట్టుకోండి" అంది. పట్టుకున్నాను, నాటకానికి కాదు, నిజంగానే బిగించాను. ఇప్పుడు నేను 84 కిలోలు. ఆ పిల్ల తన చేతిని నా బొటనవేలి సందు వైపే తిప్పింది, పద్ధతిలో తప్పేం లేదు. రాలేదు. రెండోసారి ఒంటి బరువంతా వేసి లాగింది. రాలేదు. నవ్వు పోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే వదిలేశాను. "పోయినేడు వచ్చింది కదా సార్" అంది. అప్పుడు ఆ చెయ్యి పట్టుకున్నది పక్క బెంచీ స్నేహితురాలు!

ఆ అమ్మాయి మీద నాకు రవ్వంత కోపం లేదు. వచ్చిందని చెప్పి పంపించినవాళ్ల మీద ఉంది. ఆ ధైర్యంతో చీకట్లో ఒకడికి ఎదురు నిలబడి, పరిగెత్తాల్సిన రెండు సెకన్లూ మణికట్టు తిప్పడంలో పోతే ఎవరిది బాధ్యత? ఆ రోజు మిగతా గంటన్నరా పడెయ్యడాల జోలికే పోలేదు. దూరంగా ఉండగానే గొంతు చించుకుని అరవడం, గదిలోకి వెళ్లగానే తలుపు ఎటుందో చూసుకోవడం, అవతలి పట్టు బిగియకముందే మొదటి క్షణంలో రెండు చేతులూ కలిపి లాక్కోవడం, విడిపోగానే వెనక్కి చూడకుండా పరుగు. అరవమంటే మొదట ముసిముసి నవ్వులే. నాలుగో ప్రయత్నానికి ప్రిన్సిపాల్ గారు గదిలోంచి బయటికొచ్చారు.

"అయితే మా పిల్లలు ఏమీ చెయ్యలేరా మాస్టారూ?" అని తల్లులు టెన్షన్‌గా అడుగుతారు. చెయ్యగలరమ్మా. వారానికి నాలుగు రోజులు, రెండేళ్ల పాటు, తనకంటే బరువున్నవాళ్లతో కూడా ఆడితే, మీద ఒక మనిషి పడ్డప్పుడు బుర్ర ఆగిపోకుండా ఉంటుంది. కింద ఇరుక్కుని కూడా ఊపిరి తీసుకోవడం, పక్కకు జరగడం శరీరానికి అలవాటవుతాయి. ఏమీ రాని పెద్దవాడి నుంచి తప్పించుకునే అవకాశం బాగా పెరుగుతుంది. రెండు రోజుల్లో మాత్రం రాదు.

మిగతా అపోహలు త్వరగా కానిచ్చేద్దాం.

పొట్టివాళ్లు పనికిరారు: తప్పు. ఒకే బరువులో పొట్టివాడు అవతలివాడి నడుము కిందికి సులువుగా దూరతాడు, సెయోయి నాగె వాడి సొత్తు. పొడుగువాడికి కాళ్ల పట్లు, కాలర్ పట్టు.

లావు పిల్లలు ముందు సన్నబడి రావాలి: ఎందుకు? రేపే తీసుకురండి.

బరువు తగ్గించి కింది కేటగిరీలో దింపితే మెడల్ ఖాయం: ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. 13 ఏళ్ల పిల్లాడికి నీళ్లు మాన్పించి, స్వెటర్ వేసి పరిగెత్తిస్తున్న తండ్రిని మొన్నే చూశాను. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలాగే బరువు దించుకుంటూ చనిపోయారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగాట్ చుట్టూ అంతమంది నిపుణులున్నా, ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి ఆటకే దూరమైంది. బాక్సర్ మేరీ కోమ్ కథ దీనికి తలకిందులు. 45 నుంచి 48 కిలోల మధ్య అప్పటికే అయిదు ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషి, 2012 లండన్‌లో అన్నిటికంటే కింది కేటగిరీ 51 కావడంతో పైకి వెళ్లి ఆడి కాంస్యం తెచ్చుకుంది. ఎదిగే పిల్లల్ని ఎదగనివ్వండి.

మళ్లీ జూన్ తండ్రి దగ్గరికి వస్తాను. మీవాడు 32 కిలోలున్నా సరే, చేర్చుకుంటాను. మొదటి రెండు నెలలూ నేర్పేది పడటమే, ఉకేమి. తల నేలకు తగలకుండా, చెయ్యి విరగకుండా ఎలా పడాలో. మా క్లబ్ పదో తరగతి పిల్ల మొన్న వానలో స్కూటీ జారి రోడ్డుమీద పడితే మోచెయ్యి గీసుకుపోయిందంతే. వెనక కూర్చున్న అన్నయ్యకు మణికట్టు విరిగింది. ఈ సంగతి చెప్పి, "ముందు పడటం నేర్పుతానండీ, పడెయ్యడం తర్వాత" అంటాను. తండ్రుల్లో సగం మంది ఫీజు ఎంతని కూడా అడక్కుండా వెళ్లిపోతారు.