సర్జన్ మెడ నొప్పికి కళ్ల ముందే తెర

గాల్‌బ్లాడర్‌లో రాళ్లని స్కానింగ్‌లో తేలగానే శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా ఇంట్లోవాళ్లు అడిగే మాట ఒకటే: "కోసి తీస్తారా, కన్నాలతో అయిపోతుందా?" కీహోల్ ఆపరేషన్‌తో రోగికి కోత తగ్గింది, ఆస్పత్రిలో ఉండే రోజులూ తగ్గాయి. ఆ సుఖం కోసం సర్జన్ మెడ, భుజాలు ఎంత శ్రమ పడుతున్నాయో మనకు పట్టదు. లోపలి బొమ్మను టీవీ మీద కాకుండా, సర్జన్ తలకు కళ్లజోడులా పెట్టుకున్న తెర మీద చూడొచ్చా అని ఇప్పుడు జరుగుతున్న చర్చకు మూలం ఆ శ్రమే.

జర్మనీలో ఎరిక్ ముహే అనే సర్జన్ 1985లో తొలిసారి ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న కన్నంలోంచి గొట్టం పెట్టి లోపలికి చూస్తూ చేసే కీహోల్ పద్ధతిలో, గాల్‌బ్లాడర్ తీశారు. మన దేశంలో 1990లో ముంబయిలో సర్జన్ టెహెమ్‌టన్ ఉద్వాడియా ఆ దారి వేశారు. మొదట్లో సర్జన్ నడుం వంచి, గొట్టం చివర కన్ను ఆనించి లోపలికి చూసేవారు. చిన్న వీడియో కెమెరా వచ్చాక బొమ్మ టీవీ తెర మీదికి మారింది. నడుం నిటారుగా నిలిచింది, ఆపరేషన్ థియేటర్లో ఉన్నవాళ్లందరికీ లోపల జరిగేది కనిపించింది. కానీ చేతులు ఒకచోట, చూపు మరోచోట అయిపోయాయి.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో సర్జన్ సాధారణంగా రోగికి ఎడమవైపు నిలబడతారు. మానిటర్ రోగి కుడి భుజం దగ్గర, సర్జన్ కంటి మట్టానికి కాస్త కిందుగా ఉండాలి. మత్తు మెషీన్, ట్రాలీలు, వైర్ల మధ్య చోటు చాలక అది పక్కకో పైకో జరిగిందంటే, ఆపరేషన్ అయ్యేదాకా మెడ తిప్పి, గడ్డం ఎత్తి నిలబడాల్సిందే. పైగా కన్నం దగ్గర పరికరం ఇరుసు మీద ఉన్నట్టు కదులుతుంది కాబట్టి, బయట పిడిని కుడికి జరిపితే లోపల మొన ఎడమకు పోతుంది. అంత ఏకాగ్రత కావాల్సిన పనికి మెడ నొప్పి కూడా తోడవడం అన్యాయం.

తెరను కళ్ల ముందుకే తేవాలన్న ఆలోచన పాతదే. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1968లో చేసిన, తలకు పెట్టుకునే పరికరం బరువుకు దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. 2013లో సోనీ సర్జన్ల కోసమే త్రీడీ తెర తెచ్చింది. అదే ఏడాది గూగుల్ గ్లాస్ అనే తెర ఉన్న కళ్లజోడు ఆపరేషన్ థియేటర్లలోకి వెళ్లినా, ఒక కంటి మూల కనిపించే ఆ చిన్న తెర మానిటర్‌కు బదులు కాలేకపోయింది. 2024లో కళ్లను పూర్తిగా కప్పే కళ్లజోడులాంటి తెర, యాపిల్ విజన్ ప్రో వచ్చాక అమెరికాలో శాన్ డియాగోలో, చెన్నైలో సర్జన్లు దాన్ని పెట్టుకుని ల్యాప్రోస్కోపీ చేశారు. ఎటు తిరిగినా బొమ్మ ఎదురుగానే ఉంటుంది, స్కాన్ ఫిల్మును పక్కనే తెరిచి చూసుకోవచ్చు.

అయితే 2024లో వచ్చిన ఆ విజన్ ప్రో 600 గ్రాముల పైచిలుకు బరువు. మెడకు ఉపశమనం ఇవ్వాల్సిన వస్తువే మెడ మీద కూర్చుంటుంది. కెమెరా బొమ్మ రెప్పపాటు ఆలస్యంగా వచ్చినా రక్తనాళం దగ్గర ప్రమాదమే. వచ్చినప్పుడు దాని ధర 3,499 డాలర్లు. మన జిల్లా ఆస్పత్రులకు ముందుగా కావాల్సింది పైకీ కిందికీ జరిపే స్టాండుతో మంచి మానిటర్, అసిస్టెంట్ వైపు రెండోది. రేపు ఆ కళ్లజోడు వచ్చినా, మధ్యలో అది ఆగిపోతే వెంటనే చూడ్డానికి ఆ మానిటర్లు ఆన్‌లోనే ఉండాలి.