గది చల్లబడకముందే ఏసీ కట్ అవుతోందా? గ్యాస్ నింపించే ముందు సెన్సర్ చూడండి

పోయిన మే నెలలో విజయవాడలో మా ఇంటి ఏసీ మొండికేసింది. రిమోట్‌లో 24 పెట్టినా, గోడ మీది థర్మామీటర్ 29 చూపిస్తుండగానే కంప్రెసర్ కట్ అయిపోయేది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండేది. నడిరాత్రి అమ్మ లేచి విసనకర్ర కోసం తడుముకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమనేది. మెకానిక్‌ని పిలిస్తే మూత కూడా తీయకుండానే "గ్యాస్ తగ్గింది సార్, నింపాలి" అన్నాడు.

నేను వద్దన్నాను. ఎందుకంటే కంప్రెసర్ నడిచిన ఆ కాసేపూ గాలి చేతికి జివ్వుమనేంత చల్లగా వస్తోంది. గ్యాస్ తగ్గిన ఏసీ అలా ఉండదు, సాధారణంగా కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం అంతంతమాత్రం చల్లగా వస్తుంది. గాలి బాగుండి, గది చల్లబడకుండానే కంప్రెసర్ ఆగిపోతోందంటే ఏసీ సత్తువకి ఏ లోటూ లేదు, గది ఎంత వేడిగా ఉందన్న సంగతే దానికి తప్పుగా అందుతోంది.

ఆ సంగతి అందించేది మిరియపు గింజంత నల్లటి పూస. దాన్ని థర్మిస్టర్ అంటారు. ఇండోర్ యూనిట్‌లో మామూలుగా ఇలాంటివి రెండుంటాయి. ఒకటి ఏసీ లోపలికి పీల్చుకునే గాలి దారిలో ఉండి గది ఉష్ణోగ్రత చూస్తుంది. రెండోది చిన్న లోహపు గొట్టంలో కూర్చుని, గాలిని చల్లబరిచే కాయిల్‌ని అంటుకుని ఉంటుంది. కాయిల్ మరీ చల్లబడి ఐసు పట్టే పరిస్థితి వస్తే కంప్రెసర్‌ని ఆపించడం దాని పని.

ఈ పూసలో ఉండేది మాంగనీస్, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్లు. రాగి తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, పెరుగుతుంది, ఇక్కడ అంతా తలకిందులు, వేడి పెరిగేకొద్దీ కరెంటు మోయడానికి ఎక్కువ ఎలక్ట్రాన్లు విడివడతాయి కాబట్టి రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈ గుణాన్ని మైఖేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. రెసిస్టెన్స్‌ని కొలిచేది ఓమ్‌లలో. చాలా ఏసీల్లో వాడే 10 కిలో ఓమ్‌ల రకం తీసుకుంటే, 25 డిగ్రీల దగ్గర సరిగ్గా 10, 30 డిగ్రీల దగ్గర 8, సున్నా దగ్గర దాదాపు 33 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డులోని చిప్‌కి వేడీ చల్లదనం తెలియవు. ఈ రెసిస్టెన్స్‌ని బట్టి మారే వోల్టేజీ ఒక్కటే తెలుసు, దాన్నే తన పట్టికతో పోల్చుకుని డిగ్రీలు లెక్కకడుతుంది.

సెన్సర్ తీగ తెగిపోతే నయం, చాలా ఏసీలు డిస్‌ప్లే మీద ఏదో ఒక ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతాయి. అసలు చిక్కు సెన్సర్ బతికే ఉండి తప్పు చెప్పినప్పుడు. ఏళ్ల తరబడి తేమలో నాని, పై పూత పగిలి, లోపల రెసిస్టెన్స్ మారిపోతుంది. 30 డిగ్రీల గదిలో 8 చూపాల్సింది 10 చూపిందనుకోండి, బోర్డు ఆ గది 25 డిగ్రీలే ఉందని నమ్మేస్తుంది. రెసిస్టెన్స్ తగ్గితే దీనికి ఎదురు, గది చల్లబడినా ఏసీ ఆగదు, కరెంటు బిల్లు మోత మోగుతుంది.

పరీక్షించే ముందు ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే బ్రేకర్ స్విచ్) ఆపేయండి, రిమోట్‌తో ఆపితే చాలదు. కొన్ని బోర్డుల్లో సెన్సర్ తీగలకీ మెయిన్ కరెంటుకీ మధ్య ఏ అడ్డూ ఉండదు. ఎలక్ట్రికల్ పని అలవాటు లేనివాళ్లు మూత జోలికి పోకండి, పక్కన నిలబడి మెకానిక్‌తో చేయించుకోండి. మూత తీయగానే ముందు కళ్లతో చూడండి. సర్వీసింగ్ చేసినప్పుడు గది సెన్సర్ క్లిప్‌లోంచి జారి కాయిల్‌ని తాకుతూ ఉండిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే, అప్పుడది కాయిల్ చల్లదనాన్నే గది చల్లదనం అనుకుంటుంది. రిమోట్‌లో ఉండే సెన్సర్‌తో నడిచే మోడ్ ఏదైనా ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి.

మా ఇంట్లో క్లిప్ సరిగ్గానే ఉంది. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ (రెసిస్టెన్స్ కొలిచే మీటర్) పెడితే, 30 డిగ్రీల గదిలో 10.1 చూపించింది. అప్పటికే అనుమానం బలపడింది కానీ, గోడ థర్మామీటర్ని మాత్రం ఎంతవరకు నమ్మగలం? అందుకే ఐసు. స్టీలు గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేలా కాసిని నీళ్లు పోసి కలిపితే అది సున్నా డిగ్రీల దగ్గర నిలబడుతుంది, ఇంట్లో ఇంత కచ్చితమైన కొలబద్ద ఇంకోటి దొరకదు. పూసని పలుచని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అయిదు నిమిషాలు ముంచి ఉంచాను. అంకె మెల్లగా ఎక్కుతూ 33 దాటింది, 36 దాటింది, 41 దగ్గర ఆగింది. అంటే కరుగుతున్న ఐసుని అది సున్నా కంటే దాదాపు నాలుగు డిగ్రీలు కింద ఉందని చెబుతోంది. ఇక సందేహం లేదు.

కొత్తది కొనేటప్పుడు ఏసీ మోడల్ నంబరు చెప్పి అదే విలువది అడగండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ 5, 15, 20 కిలో ఓమ్‌లవి కూడా దొరుకుతాయి. 10 ఉండాల్సిన చోట 5 పెడితే 25 డిగ్రీల గదిని బోర్డు 41 అనుకుంటుంది, కంప్రెసర్‌కి ఇక విశ్రాంతి ఉండదు.

కొత్త సెన్సర్ ఐసులో 32.8 చూపించింది. బిగించాక, రాత్రి గది 24కి వచ్చాకే కంప్రెసర్ కట్ అయింది. ఆ 32.8ని తేదీతో సహా మార్కర్‌తో మూత లోపలి వైపు రాసిపెట్టాను, ఈసారి అనుమానం వస్తే దేనితో పోల్చుకోవాలో తెలుస్తుంది.