రాగి, పెన్సిలు, తుపాకీ: చిలీ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పటం తీసి దక్షిణ అమెరికా పడమటి అంచు చూడండి. పచ్చిమిరపకాయలా సన్నగా, పొడవుగా వేలాడుతూ కనిపించే దేశం చిలీ. పొడవు దాదాపు 4,300 కిలోమీటర్లు, వెడల్పు సగటున 180 కిలోమీటర్లకు మించదు. ఆ దేశంలో 1973లో సైన్యం ఒక్క రోజులో ప్రభుత్వాన్ని కూల్చేసింది. వెళ్లిపోయే ముందు చట్టాలకు అది వేసిన తాళాలు తీయడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఆ తాళాలు ఎలా పనిచేశాయో, ఎవరు ఎలా తీశారో మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు ఇవాళ్టి ఏర్పాటు. అక్కడ ప్రధానమంత్రి ఉండరు, అంతా అధ్యక్షుడే. పదవీకాలం 4 ఏళ్లు. వెంటనే రెండోసారి పోటీ చేయకూడదు, ఒక విడత ఆగితే చేయవచ్చు. మిషెల్ బాచెలెట్, సెబాస్టియన్ పిన్యేరా ఇద్దరూ అలా ఆగి రెండేసి సార్లు గెలిచినవారే. సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు. వాళ్ల పార్లమెంటు పేరు కాంగ్రెస్, అందులో రెండు సభలు: ప్రతినిధుల సభలో 155 మంది, సెనేట్‌లో 50 మంది. రాజధాని శాంటియాగో అయినా కాంగ్రెస్ సమావేశమయ్యేది వాల్పరైసో అనే రేవు పట్నంలో.

ఓటు వేసే పద్ధతి దగ్గరగా చూడదగ్గది. మనకు ఈవీఎం మీట నొక్కడం అలవాటు. అక్కడ ఇప్పటికీ కాగితమే. బ్యాలెట్ మీద ప్రతి అభ్యర్థి అంకె పక్కన ఒక చిన్న అడ్డగీత ముందే అచ్చయి ఉంటుంది. ఓటరు చేయాల్సిందల్లా దాని మీదుగా ఒక నిలువు గీత గీయడం. రెండూ కలిసి ప్లస్ గుర్తులా కనిపిస్తే అది ఓటు. ఇద్దరికి గీత గీస్తే చెల్లదు. ఒకే గీత స్పష్టంగా ఉండి, పక్కన ఇంకేదో రాసి ఉంటే ఓటు లెక్కలోకి వస్తుంది గానీ, అభ్యంతరం ఉన్నట్టు విడిగా నమోదు చేస్తారు. చాలా ఏళ్లు దీనికి మామూలు పెన్సిలే వాడారు. 2020 నుంచి నీలం పెన్ను వచ్చింది.

గీత గీశాక కాగితం మడిచి, స్టిక్కరుతో అతికించి బల్ల దగ్గరికి తెస్తారు. కాగితం అంచున నంబరున్న చిన్న ముక్క ఒకటి ఉంటుంది. తాము ఇచ్చిన కాగితమే తిరిగి వచ్చిందా అని ఆ నంబరు చూసి, ముక్క చించేసి, అప్పుడు పెట్టెలో వేయమంటారు. ఈ ముక్క లేకపోతే ఒక పాత మోసానికి దారి దొరుకుతుంది: బయట ఎవరో ముందే గీత గీసిన కాగితం చేతిలో పెట్టి, లోపల ఇచ్చిన ఖాళీ కాగితం తెచ్చివ్వమంటారు. దాని మీద గీత గీసి తరువాతి మనిషికిస్తారు. నంబరు సరిచూస్తే ఆ గొలుసు తెగుతుంది. ముక్కను చించేస్తే ఓటు ఎవరిదో తెలియకుండా పోతుంది. సాయంత్రం అదే బల్ల మీద, అందరి ముందూ, ఒక్కో కాగితం విప్పి పేరు పైకి చదువుతారు. అధికారులుగా కూర్చునేవాళ్లు ఆ బల్లకు చెందిన మామూలు ఓటర్లే. ఎవరైనా నిలబడి వినవచ్చు. బడి గేటు దగ్గర కాపలా మాత్రం సైనికులది. వాళ్లు బ్యాలెట్ ముట్టరు.

ఆ సైనికులే ఒకప్పుడు ఓటునే రద్దు చేశారు. అది ఎలా జరిగిందో చూద్దాం.

1970 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికలో సోషలిస్టు నాయకుడు సాల్వడార్ అలెండీ 36.6 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచారు. అప్పట్లో రెండో విడత ఎన్నిక లేదు. ఎవరికీ సగం దాటకపోతే కాంగ్రెస్ ఎంచుకునేది. కాంగ్రెస్ ఓటింగుకు రెండు రోజుల ముందు, అక్టోబరు 22న, సైన్యాధిపతి రెనే ష్నైడర్ మీద కాల్పులు జరిగాయి. 25న ఆయన చనిపోయారు. ఆయన చేసిన నేరం, రాజ్యాంగం ఎవరిని ఎంచుకుంటే సైన్యం వారి మాటే వింటుందని గట్టిగా చెప్పడం. కాంగ్రెస్ అలెండీనే ఎంచుకుంది. 1971 జూలై 11న పెద్ద రాగి గనులన్నింటినీ జాతీయం చేసే సవరణకు కాంగ్రెస్‌లో ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. తరువాత ధరలు చుక్కలనంటాయి, సరుకులు దొరకలేదు, 1972 అక్టోబరులో లారీల సమ్మె దేశాన్ని స్తంభింపజేసింది. ప్రతిపక్షాలకు అమెరికా గూఢచారి సంస్థ డబ్బు అందించిన సంగతి తరువాత అమెరికా సెనేట్ విచారణలోనే బయటపడింది.

ష్నైడర్ తరువాత వచ్చిన కార్లోస్ ప్రాట్స్ కూడా రాజ్యాంగం గీత దాటనన్నారు. సాటి జనరళ్ల ఒత్తిడికి 1973 ఆగస్టు 23న తప్పుకున్నారు. ఆయన స్థానంలో అలెండీ నియమించిన మనిషి అగస్టో పినోచెట్. సరిగ్గా 19 రోజులకు, సెప్టెంబరు 11న, యుద్ధ విమానాలు అధ్యక్ష భవనం లా మొనేదా మీద బాంబులు వేశాయి. అలెండీ లోపలే ప్రాణం తీసుకున్నారు. ఇక్కడ ఒక వివరం గమనించండి. అధికారం చేపట్టిన నలుగురిలో సైన్యాధిపతి పినోచెట్, వైమానిక దళాధిపతి గుస్తావో లీ ఇద్దరే నిజంగా ఆ పదవుల్లో ఉన్నారు. నౌకాదళం, కారాబినేరోస్ అనే పోలీసు దళం తరఫున వచ్చిన ఇద్దరూ తమ పైఅధికారులను పక్కకు నెట్టి తమను తామే అధిపతులుగా ప్రకటించుకున్నవారు. పైవాళ్ల మాట వినడమే సైన్యం మొదటి నియమం. ఆ రోజు మొదట విరిగింది అదే.

తరువాతి 17 ఏళ్లలో చంపబడినవాళ్లు, ఆచూకీ లేకుండా పోయినవాళ్లు మూడు వేలకు పైనే. నిర్బంధం, చిత్రహింసలు అనుభవించి బతికినవాళ్లు పదుల వేలు. సైన్యం సైనికులను కూడా వదల్లేదు. ప్రాట్స్ 1974లో బ్యూనస్ ఐరిస్‌లో కారు బాంబుకు బలయ్యారు. కుట్రలో చేరని వైమానిక దళ జనరల్ అల్బెర్టో బాచెలెట్ అదే ఏడాది జైల్లో, చిత్రహింసల తరువాత, మరణించారు. మిషెల్ బాచెలెట్ ఆయన కూతురే. 2002లో ఆమె రక్షణ మంత్రి అయ్యారు, 2006లో అధ్యక్షురాలు.

ఇక తాళాల సంగతి. 1980 సెప్టెంబరు 11న సైనిక ప్రభుత్వం కొత్త రాజ్యాంగం మీద ఓటింగు పెట్టింది. ఓటర్ల జాబితా లేదు, పాతవి తగలబెట్టేశారు. ఖాళీ కాగితాలను కూడా ‘అవును’ లెక్కలో కలిపారు. అలా నెగ్గిన రాజ్యాంగమే 1988లో మరో ఓటింగు జరగాలని చెప్పింది: పినోచెట్ ఇంకో 8 ఏళ్లు ఉండాలా, వద్దా? ఈసారి ప్రతిపక్షాలు రెండు పనులు పట్టుదలగా చేశాయి. 1987లో ఓటర్ల నమోదు మళ్లీ తెరవగానే జనాన్ని ఒప్పించి పేర్లు ఎక్కించాయి. ప్రతి బల్ల దగ్గరా తమ ఏజెంట్లను కూర్చోబెట్టి, లెక్క ముగియగానే అంకెలు తమ కేంద్రానికి చేరే ఏర్పాటు చేసుకున్నాయి. టీవీలో రెండు వైపులకూ రోజుకు చెరో 15 నిమిషాలు, 27 రోజులు దొరికింది. అక్టోబరు 5 రాత్రి ప్రభుత్వం ఫలితాలు చెప్పకుండా నానుస్తుంటే, వైమానిక దళాధిపతి ఫెర్నాండో మత్తేయ్ లా మొనేదాలోకి వెళ్తూ ‘వద్దు’ గెలిచిందని విలేకరులకు చెప్పేశారు. ‘వద్దు’కు దాదాపు 56 శాతం. ప్రతిపక్షం చేతిలో సొంత లెక్క లేకపోయి ఉంటే ఆ రాత్రి ఏ అంకె ప్రకటించినా కాదనడానికి ఆధారం ఉండేది కాదు.

1990 మార్చి 11న పాత్రీసియో ఐల్విన్ అధ్యక్షుడయ్యారు. పినోచెట్ అధ్యక్ష పదవి నుంచి దిగారు గానీ సైన్యాధిపతి కుర్చీ దిగలేదు. రాజ్యాంగం ప్రకారం 1998 దాకా ఆయన్ని ఎవరూ తొలగించలేరు. ఇది మొదటి తాళం. 1993 మేలో ఐల్విన్ విదేశాల్లో ఉండగా, సైన్యం నుంచి పినోచెట్ కొడుక్కి అందిన చెక్కుల కేసు మళ్లీ కదిలింది. వెంటనే నల్ల టోపీల కమాండోలు యుద్ధ దుస్తుల్లో లా మొనేదా ఎదుట ఉన్న సైనిక భవనం దగ్గర మోహరించారు. తుపాకీ పేలలేదు. పేలాల్సిన అవసరమూ రాలేదు, అర్థం కావాల్సినవాళ్లకి అర్థమైంది.

రెండో తాళం సెనేట్‌లో. ఎన్నికైన 38 మందికి తోడు, ఎన్నిక లేకుండా నియమించే 9 మంది ఉండేవారు. వాళ్లలో నలుగురు మాజీ దళాధిపతులు. 1989లో పినోచెట్‌ను వ్యతిరేకించిన ప్రజాస్వామ్య కూటమికి 22 సీట్లు, సైనిక పాలన వైపు మొగ్గిన మితవాదులకు 16 వచ్చాయి. సైనిక పాలనలో నియమించిన ఆ 9 మందిని మితవాదుల వైపు కలిపి చూడండి: 22కి ఎదురుగా 25. ఓటర్లు ఇచ్చిన మెజారిటీ అక్కడికక్కడే ఆవిరైంది.

మూడోది ఓట్ల లెక్కలో దాగింది. ఇది కాస్త నెమ్మదిగా చదవండి, కాగితం మీద లెక్క వేసుకుంటే ఇంకా మంచిది. ప్రతి నియోజకవర్గానికి రెండు సీట్లు. ప్రతి కూటమి ఇద్దరిని నిలబెడుతుంది. ముందు కూటముల మొత్తం ఓట్లు చూస్తారు. మొదటి కూటమికి రెండో కూటమి కంటే రెట్టింపు వస్తేనే రెండు సీట్లూ దానివి. లేకపోతే చెరొకటి. అంటే మూడో వంతు ఓట్లతో సగం సీట్లు దక్కుతాయి. 1989లో పశ్చిమ శాంటియాగో సెనేట్ ఎన్నికలో ఏం జరిగిందో చూడండి. ప్రజాస్వామ్య కూటమి తరఫున ఆండ్రెస్ సల్దీవర్‌కు 31.3 శాతం, రికార్డో లాగోస్‌కు 30.6 శాతం. ఎదుటి కూటమిలో హైమే గుస్మాన్‌కు 17.2 శాతం, ఆయన జోడీకి సుమారు 15.3. కలిపితే ఇటు 61.9, అటు 32.5. రెట్టింపు కావాలంటే 65 ఉండాలి. మూడు శాతం తక్కువైంది. 17 శాతం వచ్చిన గుస్మాన్ గెలిచారు, 30 శాతం దాటిన లాగోస్ ఓడారు. 1980 రాజ్యాంగం రాసినవారిలో ముఖ్యుడు ఆ గుస్మానే.

నాలుగో తాళం డబ్బుది, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. రాగి మీద వచ్చే సొమ్ములో కొంత ఆయుధాలకు పోవాలని 1958లోనే ఒక రహస్య చట్టం ఉంది. సైనిక పాలనలో దాన్ని పెంచి, ప్రభుత్వ రాగి కంపెనీ కొడెల్కో ఎగుమతి అమ్మకాల్లో 10 శాతం చేశారు. లాభంలో కాదు, అమ్మకంలో. తేడా ఎంతో చూడండి. 100 రూపాయల రాగి అమ్మారు, ఖర్చు 95 అయింది, మిగిలింది 5. సైన్యానికి ఇవ్వాల్సింది 10. ఆ మిగతా 5 అప్పు చేసైనా తేవాలి. రాగి ధర బాగున్న ఏళ్లలో అడగకుండానే ఆయుధాల డబ్బు పోగుపడేది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలకు సమానంగా పంచేవారు, ఎవరికి నిజంగా ఏం కావాలన్న ప్రశ్నే లేదు. బడ్జెట్ చర్చ లేదు, చట్టం పాఠమే 2016 దాకా రహస్యం. చీకట్లో డబ్బుంటే ఏమవుతుందో 2015లో బయటపడింది: ఆ నిధి నుంచి సైన్యంలోనివాళ్లే దొంగ బిల్లులతో సొమ్ము కాజేసినట్టు తేలింది.

తాళాలు తీసినవాళ్లు కొత్త తిరుగుబాటు చేయలేదు. పార్లమెంటులో ఓట్లు కూడబెట్టుకుంటూ, అవతలివాళ్లతో బేరమాడుతూ ఒక్కోటి తీశారు. 1989లో ఆ రెండు సీట్ల లెక్కకు బలైన లాగోస్ 2000లో అధ్యక్షుడయ్యారు. 2005లో ఆయన హయాంలోనే నియమిత సెనేటర్లు పోయారు. దళాధిపతులను తొలగించే అధికారం అధ్యక్షుడికి వచ్చింది: కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, రెండు సభలకూ ముందు చెప్పాలి. జాతీయ భద్రతా మండలిని దళాధిపతులే పిలిచే హక్కు పోయి, అది సలహా సంఘంగా మిగిలింది. సవరించిన రాజ్యాంగం మీద పినోచెట్ సంతకం తీసేసి లాగోస్ సంతకం వేశారు. రెండు సీట్ల లెక్క 2015లో రద్దయి, 2017 ఎన్నికల నుంచి ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు వస్తున్నాయి. రాగి చట్టం 2019లో రద్దయింది. కొనుగోళ్ల డబ్బు ఇప్పుడు పలు ఏళ్ల ప్రణాళికతో కాంగ్రెస్ ముందుకు రావాలి. పాత పద్ధతిని ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గిస్తున్నారు.

అంతా చక్కబడిందనుకోకండి. 2019 అక్టోబరులో మెట్రో చార్జీ 30 పెసోలు పెరగడంతో మొదలైన నిరసన దేశమంతా రగిలింది, సైనికులు మళ్లీ వీధుల్లోకి వచ్చారు, పోలీసుల గుళ్లకు చాలామంది కళ్లు పోయాయి. కొత్త రాజ్యాంగం కావాలని 2020లో 78 శాతం అన్నారు. ఒక ముసాయిదాను 2022లో 62 శాతం కాదన్నారు, మితవాదుల వైపు మొగ్గిన రెండో ముసాయిదాను 2023లో 56 శాతం కాదన్నారు. అంటే 1980 నాటి రాజ్యాంగమే, లెక్కలేనన్ని సవరణలతో, ఇప్పటికీ నడుస్తోంది.

అందులో ఒక నియమం ఇప్పుడు రోజూ పనిలో ఉంది. దక్షిణాన మాపూచే ప్రజల ప్రాంతమైన అరౌకానియాలో గొడవల వల్ల 2022 మే నుంచి అత్యవసర పరిస్థితి పెట్టి సైనికులను రోడ్ల మీద కాపలా ఉంచారు. అధ్యక్షుడు తన ఇష్టంతో 15 రోజులు పెట్టవచ్చు, ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. ఆ పైన ఒక్క రోజు కావాలన్నా కాంగ్రెస్ ఒప్పుకోవాలి. అందుకే వాల్పరైసోలో ఆ పొడిగింపు మళ్లీ మళ్లీ ఓటింగుకు వస్తోంది, మళ్లీ మళ్లీ చర్చ జరుగుతోంది. ఆ వార్త కనబడితే ఎంతమంది అవునన్నారో, ఎంతమంది కాదన్నారో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య