పట్టిక శీర్షికలు తెర మీద నిలవడం: అపోహలు - వాస్తవాలు

తెలంగాణలోని 33 జిల్లాల వివరాలున్న పట్టికను తెర మీద చదవడం ఎవరికీ కష్టం కాదు. అవే వివరాలను మండలాల వారీగా ఇస్తే వరుసలు ఆరు వందలు దాటుతాయి. అప్పుడు నాలుగు వందలవ వరుస దగ్గర కనిపించే మూడు అంకెల్లో సాగు విస్తీర్ణం ఏదో, దిగుబడి ఏదో, వర్షపాతం ఏదో తెలియాలంటే చదువరి మళ్లీ పైదాకా వెళ్లి శీర్షిక చూసి రావాల్సి వస్తుంది. ఎక్సెల్‌లో పై వరుసను కదలకుండా నిలిపే ఫ్రీజ్ పేన్స్ నొక్కగానే తీరిపోయే ఈ ఇబ్బంది వెబ్ పేజీలో మాత్రం డెవలపర్లను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది. ఆ తిప్పల కాలంలో పుట్టిన నమ్మకాలు కొన్ని, వాటి అవసరం తీరిపోయాక కూడా, కోడ్‌లో నిలిచిపోయాయి. పట్టికలతో నిండిన పేజీలు తయారు చేయడమే నా పని కనుక, తోటివారి కోడ్‌లోనూ నా పాత కోడ్‌లోనూ తరచుగా ఎదురయ్యే వాటిని ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: శీర్షిక వరుసను నిలపాలంటే జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రాములు రాసే భాష) తప్పదు.

వాస్తవం: ఒకప్పుడు తప్పేది కాదు. శీర్షికకు ఒక పట్టిక, వివరాలకు మరో పట్టిక విడిగా తయారు చేసి, రెండింటి కాలమ్‌ల వెడల్పులను స్క్రిప్టుతో సరిచూసేవాళ్లం. లేదా శీర్షికకు నకలు తీసి, స్క్రోల్ జరిగినప్పుడల్లా దాన్ని కిందికి జరిపేవాళ్లం. ఆ రెండో పద్ధతిలో ఫోన్ల మీద శీర్షిక ఊగిసలాడేది. స్క్రోల్‌ను బ్రౌజర్ ఒక దారంలో (థ్రెడ్, అంటే విడిగా సాగే పనుల వరుసలో) జరిపిస్తుంటే మన స్క్రిప్టు మరో దారంలో దాని వెనక పరుగెత్తడమే ఆ ఊగిసలాటకు కారణం. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో పొజిషన్‌కు స్టికీ అనే విలువ, అంటే స్క్రోల్‌లో అంచుకు చేరిన భాగాన్ని అక్కడే నిలిపేది, ఫైర్‌ఫాక్స్ 32వ వెర్షన్‌తో 2014లోనూ, క్రోమ్ 56వ వెర్షన్‌తో 2017 జనవరిలోనూ వచ్చింది. సఫారీ అంతకు ముందే దీన్ని వెబ్‌కిట్ ఉపసర్గతో, అంటే పేరు ముందు తన ఇంజన్ పేరు తగిలించి ఇచ్చి, 2019లో 13వ వెర్షన్ నుంచి ఆ ఉపసర్గను వదిలేసింది. ఈ సదుపాయం ఎన్నడూ లేని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో స్వస్తి చెప్పింది. కాబట్టి మామూలు పట్టికకు ఇప్పుడు కావలసినవి మూడు పంక్తులు మాత్రమే: పొజిషన్ స్టికీ, టాప్ సున్నా, ఒక నేపథ్య రంగు. వీటిలో టాప్ రాయడం మరిచిపోతే శీర్షిక ఎక్కడ ఆగాలో బ్రౌజర్‌కు తెలియదు, అందువల్ల అసలు ఆగదు. నన్ను సాయం అడిగిన వారిలో చాలామందికి లోపించింది ఆ ఒక్క పంక్తే.

అపోహ: స్టికీ నమ్మదగింది కాదు, ఒక పేజీలో పనిచేస్తుంది, ఇంకో పేజీలో చేయదు.

వాస్తవం: అది ప్రతి పేజీలోనూ ఒకే నియమం ప్రకారం నడుస్తుంది. మనమే ఆ నియమంలో సగం గుర్తుపెట్టుకుంటాం. స్టికీ శీర్షిక పేజీని పట్టుకుని ఉండదు; తనకు పైనున్న ఎలిమెంట్లలో స్క్రోల్ కాగల అతి దగ్గరి పెట్టెను పట్టుకుని ఉంటుంది. పట్టిక వెడల్పు ఎక్కువై ఫోన్‌లో పేజీ పక్కకు జారిపోకుండా దాన్ని ఒక డివ్‌లో (పేజీ భాగాలను చుట్టే పెట్టెలో) పెట్టి, ఆ డివ్‌కు అడ్డం దిశలో ఓవర్‌ఫ్లో ఆటో, అంటే అంచు దాటితే స్క్రోల్ చేయనివ్వు, అని రాయడం మనందరికీ అలవాటే. సిద్ధంగా దొరికే సీఎస్ఎస్ సంకలనమైన బూట్‌స్ట్రాప్‌లోని టేబుల్-రెస్పాన్సివ్ క్లాసు చేసేదీ అదే పని. అయితే అడ్డం దిశకు ఆటో అని రాసినప్పుడు, నిలువు దిశకు మనమేమీ రాయకపోయినా, విజిబుల్ అన్న దాని సహజ విలువను బ్రౌజర్ ఆటోగానే లెక్కిస్తుంది. దాంతో ఆ డివ్ రెండు దిశలకూ స్క్రోల్ పెట్టె అయిపోతుంది. దానికి ఎత్తు పరిమితి లేదు కనుక అది నిలువుగా ఎన్నడూ స్క్రోల్ కాదు. చదువరి స్క్రోల్ చేసేది పేజీని, శీర్షిక పట్టుకున్నది కదలని పెట్టెను. శీర్షిక తన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూనే మన కళ్లముందే పైకి వెళ్లిపోతుంది.

అందుచేత ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు నేను శీర్షిక కోడ్‌ను చివరికి గాని చూడను. బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్ తెరిచి, పట్టిక నుంచి పైకి ఒక్కొక్క ఎలిమెంట్‌కు లెక్కతేలిన ఓవర్‌ఫ్లో విలువ ఏమిటో చూసుకుంటూ వెళ్తాను. ఫైర్‌ఫాక్స్ అయితే స్క్రోల్ అవుతున్న ఎలిమెంట్ పక్కన చిన్న గుర్తు వేసి చూపుతుంది. పేజీ మొత్తాన్ని చుట్టిన డివ్‌కు ఎవరో ఎప్పుడో, ఏదో బొమ్మ అంచు దాటుతోందని, ఓవర్‌ఫ్లో హిడెన్ రాసి ఉంటారు. హిడెన్ కూడా స్క్రోల్ పెట్టెను సృష్టిస్తుందని వారికి తెలియదు. అంచు దాటిన భాగాన్ని కత్తిరించడమే ఉద్దేశమైతే అక్కడ క్లిప్ అనే విలువ రాయాలి, ఎందుకంటే అది కత్తిరిస్తుందే తప్ప స్క్రోల్ పెట్టెను సృష్టించదు. క్రోమ్ 90, ఫైర్‌ఫాక్స్ 81, సఫారీ 16 వెర్షన్ల నుంచి అది అందుబాటులో ఉంది.

వెడల్పాటి పట్టికకు మాత్రం క్లిప్ పనికిరాదు, అక్కడ అడ్డంగా స్క్రోల్ కావాల్సిందే. అప్పుడు మనం ఒక నిర్ణయం తీసుకోవాలి: ఏ పెట్టె స్క్రోల్ కావాలి? ఆ డివ్‌కే తెర ఎత్తులో డెబ్బై, ఎనభై శాతం గరిష్ఠ ఎత్తు ఇచ్చి, రెండు దిశలూ దానిలోనే స్క్రోల్ అయ్యేలా చేస్తే శీర్షిక దాని పై అంచుకు అతుక్కుని నిలుస్తుంది. నా ఓటు దీనికే. దీనిలో ఒక లోటుంది: ఫోన్‌లో పేజీని జరుపుతున్న వేలు పట్టిక మీద పడితే పేజీ ఆగి పట్టిక కదులుతుంది. అందుకే పెట్టెకు తెర నిండా ఎత్తు ఇవ్వకుండా, వేలికి పేజీ దొరికేలా పైనో కిందో కొంత చోటు వదలాలి.

అపోహ: స్టికీని శీర్షిక గడులకే రాయాలి, టీహెడ్‌కు (శీర్షిక వరుసలన్నిటినీ చుట్టే ట్యాగ్‌కు) రాస్తే పనిచేయదు.

వాస్తవం: క్రోమ్ 90 దాకా ఇది అక్షరాలా నిజం. 2021లో వచ్చిన 91వ వెర్షన్‌లో పట్టికలను అమర్చే ఇంజన్‌ను క్రోమ్ బృందం టేబుల్స్ ఎన్‌జీ పేరుతో తిరగరాసింది. అప్పటి నుంచి టీహెడ్ మొత్తానికీ స్టికీ వర్తిస్తోంది. ఫైర్‌ఫాక్స్‌లో 2018 నాటి 59వ వెర్షన్ నుంచే ఆ వీలుంది. ఒకే వరుస శీర్షికైతే రెండు పద్ధతులకూ తేడా కనిపించదు. పై వరుసలో ఖరీఫ్, రబీ అనీ, వాటి కింద విస్తీర్ణం, దిగుబడి అనీ రెండు వరుసల శీర్షికలు ఉన్నప్పుడు తేడా తెలుస్తుంది. గడులకు విడివిడిగా స్టికీ రాస్తే రెండో వరుస ఎంత కింద ఆగాలో, అంటే మొదటి వరుస ఎత్తు ఎంతో, మనమే అంకెలో చెప్పాలి.

తెలుగు పట్టికల్లో ఆ అంకె నిలవదు. ఇంగ్లిష్ అక్షరాలకు కుదిరిన పంక్తి ఎత్తు మన గుడిదీర్ఘానికీ, కింద వేలాడే ఒత్తుకూ చాలదు. ఫాంటు మారితే ఎత్తూ మారుతుంది; వెబ్ ఫాంటు డౌన్‌లోడ్ అయ్యేలోపు ఒక ఎత్తు, అయ్యాక ఇంకో ఎత్తు ఉంటుంది. పైగా లబ్ధిదారుల సంఖ్య, సర్వే నంబరు వారీ విస్తీర్ణం వంటి శీర్షికలు ఇరుకు కాలమ్‌లో రెండు మూడు పంక్తులకు విరుగుతాయి. నేను ఒకసారి మొదటి వరుస ఎత్తును 40 పిక్సెళ్లుగా రాసి, నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందని పంపించాను. చూసినవారి ఫోన్‌లో ఆ వరుస రెండు పంక్తులుగా విరిగి ఎత్తు పెరగడంతో, రెండో వరుస పై సగం దాని కిందికి దూరి, విస్తీర్ణం అన్న మాటకు గుడులన్నీ ఎగిరిపోయి కనిపించాయట. టీహెడ్‌కే స్టికీ రాసి టాప్ సున్నా ఇస్తే ఈ లెక్క మనం చేయనక్కరలేదు, వరుసలన్నీ ఒకే దిమ్మెగా నిలుస్తాయి.

అపోహ: వివరాలు శీర్షిక మీదుగా కనిపిస్తుంటే జడ్-ఇండెక్స్‌ను (ఏది దేని మీద కనిపించాలో చెప్పే అంకెను) 9999 చేయాలి.

వాస్తవం: చాలాసార్లు లోపం జడ్-ఇండెక్స్‌లో ఉండదు. శీర్షికకు నేపథ్య రంగు లేకపోవడం వల్ల దాని వెనక నుంచి జారే వరుసలు అందులోంచి కనిపిస్తుంటాయి. జడ్-ఇండెక్స్ నిజంగా కావలసింది మొదటి కాలమ్‌ను కూడా ఎడమ అంచున నిలిపినప్పుడు. అప్పుడు మామూలు గడుల కంటే మొదటి కాలమ్, దానికంటే శీర్షిక వరుస, అన్నిటికంటే ఎడమ మూల గడి పైన ఉండాలి. 1, 2, 3 అన్న అంకెలు దానికి చాలు.

అపోహ: స్క్రోల్ చేయగానే శీర్షిక గడుల గీతలు మాయమవడం బ్రౌజర్ లోపం.

వాస్తవం: బోర్డర్-కొలాప్స్‌కు కొలాప్స్ అని రాసినప్పుడు పక్కపక్క గడుల గీతలు కలిసిపోయి ఉమ్మడి గీతలవుతాయి, బ్రౌజర్ వాటిని పట్టికతో పాటు గీస్తుంది. గడి నిలిచినా గీత పట్టికతో వెళ్లిపోయేది అందుకే. సెపరేట్ అని రాసి, గడుల మధ్య ఎడం సున్నా చేసి, ఒక్కో గడికి కుడివైపు, కిందివైపు మాత్రమే గీత ఇస్తే కంటికి అదే రూపం వస్తుంది, గీతలూ నిలుస్తాయి.

అపోహ: శీర్షిక ఎప్పుడూ కనిపిస్తోంది కనుక పట్టిక అందరికీ అందుబాటులో ఉన్నట్లే.

వాస్తవం: చూపు లేని చదువరికి శీర్షిక తెర మీద ఎక్కడుందన్నది పట్టదు, ఏ గడి ఏ శీర్షిక కిందిదో స్క్రీన్ రీడర్ (తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము) చెప్పగలగడమే కావాలి. దానికి శీర్షికలు టీహెచ్ (శీర్షిక గడి ట్యాగ్) గడులుగా, ఆ శీర్షిక వరుసదో కాలమ్‌దో చెప్పే స్కోప్ గుణంతో, అదే పట్టికలో ఉండాలి. ఇందాక చెప్పిన రెండు పట్టికల పద్ధతి ఈ బంధాన్ని తెంచేస్తుంది. వివరాల వరుసలను చుట్టే టీబాడీకి డిస్‌ప్లే బ్లాక్ రాసి దాన్ని మాత్రమే స్క్రోల్ చేయించే చిట్కా ఇప్పటికీ చలామణిలో ఉంది. అందులో కాలమ్‌లు వంకరపోవడం అటుంచి, పట్టిక అన్న అర్థమే స్క్రీన్ రీడర్‌కు చేరకుండా పోయే ప్రమాదం ఉంది.

కీబోర్డుతో పనిచేసేవారికి వేరే ఇబ్బంది ఉంది. గడుల్లో లింకులుంటే, ట్యాబ్‌ను వెనక్కి నొక్కుతూ పైకి వస్తున్నప్పుడు ఫోకస్ అందుకున్న, అంటే కీబోర్డు ప్రస్తుతం ఎంచుకున్న, లింకు నిలిచి ఉన్న శీర్షిక వెనక దాక్కుంటుంది. 2023 అక్టోబరులో వెలువడిన వెబ్ అందుబాటు మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.2లో 2.4.11 అనే ప్రమాణం సరిగ్గా ఈ విషయాన్నే ప్రస్తావించి, ఫోకస్ అందుకున్నది పూర్తిగా మరుగున పడకూడదని కోరుతోంది. స్క్రోల్ పెట్టెకు శీర్షిక ఎత్తుకు సరిపడా స్క్రోల్-ప్యాడింగ్-టాప్ (స్క్రోల్ ఆగేటప్పుడు పైన వదిలే చోటు) ఇస్తే సరిపోతుంది; ఆ కొలతను కాస్త ఎక్కువగా ఇచ్చినా నష్టం లేదు. ఇక గడుల్లో లింకులే లేకపోతే, కీబోర్డుతో స్క్రోల్ పెట్టెలోకి వెళ్లే దారే ఉండకపోవచ్చు. కొన్ని బ్రౌజర్లు అలాంటి పెట్టెకు తామే ఫోకస్ ఇస్తున్నా, దాని మీద ఆధారపడకుండా ట్యాబ్‌ఇండెక్స్ సున్నా (ట్యాబ్‌తో చేరేలా), రీజియన్ అనే రోల్ (అదేమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుణం), ఒక పేరు మనమే ఇవ్వడం మంచిది.

చూపు మందగించి పేజీని బాగా పెద్దది చేసుకుని చదివేవారికి, నిలిచిన శీర్షికే అడ్డు కావచ్చు. 1280కి 1024 పిక్సెళ్ల తెరను 400 శాతానికి పెంచితే మిగిలేది 320కి 256. రెండు వరుసల తెలుగు శీర్షిక అందులో 100 పిక్సెళ్లు మింగేస్తే, చదవాల్సిన వివరాలకు నాలుగైదు వరుసలే దక్కుతాయి. తెర ఎత్తు చాలినప్పుడు మాత్రమే శీర్షిక నిలిచేలా మీడియా క్వెరీలో (తెర కొలతను బట్టి వర్తించే సీఎస్ఎస్ నియమంలో) కనీస ఎత్తు షరతు పెట్టాలి.

అపోహ: తెర మీద శీర్షిక నిలిచింది కనుక ముద్రణలోనూ ప్రతి పేజీకీ వస్తుంది.

వాస్తవం: ముద్రణకూ స్టికీకీ సంబంధం లేదు. శీర్షిక టీహెడ్‌లో ఉంటే, పట్టిక కొత్త పేజీలోకి సాగినప్పుడల్లా బ్రౌజర్ దాన్ని మళ్లీ ముద్రిస్తుంది. అయితే గరిష్ఠ ఎత్తు ఇచ్చిన మన స్క్రోల్ పెట్టె కాగితం మీద స్క్రోల్ కాదు కదా. ఆరు వందల వరుసల్లో ఆ క్షణాన తెర మీద ఉన్న పదిహేనో ఇరవయ్యో అచ్చయి, మిగిలినవి తెగిపోతాయి. ముద్రణ కోసం రాసే నియమాల్లో ఆ పెట్టె గరిష్ఠ ఎత్తును తొలగించి, ఓవర్‌ఫ్లోను విజిబుల్ చేసి, పీడీఎఫ్‌గా ఒకసారి తీసి చివరి పేజీలో చివరి మండలం పేరు ఉందో లేదో చూసుకోవాలి.