గర్భంలో హార్మోన్ మందులు: ఆ వాట్సాప్ మెసేజ్‌లో సగం నిజం

మొన్న సోమవారం ఓపీకి గాజువాక నుంచి వచ్చిన అమ్మాయి కూర్చోగానే బ్యాగ్‌లోంచి ప్రొజెస్టిరాన్ (గర్భం నిలవడానికి ఇచ్చే హార్మోన్) క్యాప్సూల్స్ స్ట్రిప్ తీసి టేబుల్ మీద పెట్టింది. పదింటిలో రెండే ఖాళీ. "మేడం, ఇవి వాడితే పుట్టే ఆడపిల్లకి పెద్దయ్యాక క్యాన్సర్ వస్తుందట, మా ఆడపడుచు పంపింది" అని ఫోన్ చూపించింది. ఏడో వారం, అంతకుముందు రెండు అబార్షన్లు, ఇప్పుడు మళ్ళీ స్పాటింగ్ (కొద్దికొద్దిగా రక్తం కనబడటం), భయపడి నాలుగు రోజులుగా మందు మానేసింది. ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధమైతే నా పని సులువయ్యేది. అది నిజమే, కాకపోతే వేరే మందు గురించి.

అపోహ: గర్భంలో ఇచ్చే హార్మోన్లన్నీ ఒకటే.

మెసేజ్‌లో ఉన్న కథ డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్‌ది, పొట్టిగా డీఈఎస్. 1938లో బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజన్, అంటే ఆడవాళ్ళ హార్మోన్‌లా పనిచేసే మందు. దానికి పేటెంట్ లేదు, కాబట్టి చాలా కంపెనీలు చవగ్గా చేసి అమ్ముకున్నాయి. అబార్షన్ కాకుండా ఆపుతుందని అమెరికాలో 1940ల నుంచి గర్భిణులకు రాశారు, ఏడో వారంలో రోజుకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి 35వ వారానికి 125 దాకా. 1953లో షికాగోలో వాడినవాళ్ళనీ వాడనివాళ్ళనీ పోల్చి చూస్తే అది దేనికీ పనికిరాదని తేలింది. తేలాక కూడా ఇంకో 18 ఏళ్ళు రాశారు! ఇది తలుచుకున్నప్పుడల్లా మా వృత్తి మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ అమ్మాయికి రాసింది డీఈఎస్ కాదు, ఒంట్లో సహజంగా తయారయ్యే ప్రొజెస్టిరానే. 2019లో బ్రిటన్‌లో 4 వేలకు పైగా గర్భిణుల మీద జరిగిన ప్రిజమ్ ట్రయల్‌లో అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా లేదు, కానీ మొదటి వారాల్లో రక్తం కనిపించి, గతంలో అబార్షన్లు కూడా అయినవాళ్ళకి కొంత మేలు కనిపించింది, పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలూ పెరగలేదు. కాబట్టి ఆమెకి అవసరమే. నెల తప్పిన ప్రతి పిల్లకీ "సేఫ్టీకి ఉంటుందిలే" అని రాసేయడం మాత్రం నాకు నచ్చదు, ఆ అలవాటు మా డాక్టర్లదే.

అపోహ: బిడ్డ పుట్టినప్పుడు బాగుంటే మందు వల్ల ఏమీ కానట్టే.

డీఈఎస్ పిల్లలూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారు. 1971లో బోస్టన్‌లో డాక్టర్ హెర్బ్‌స్ట్ బృందం యోనిలో అరుదైన క్యాన్సర్ వచ్చిన 8 మంది గురించి రాసింది, ఎక్కువమంది 15 నుంచి 22 ఏళ్ల అమ్మాయిలు, ఆ వయసులో అప్పటిదాకా దాదాపు ఎవరూ చూడని క్యాన్సర్. ఎనిమిదిమందిలో ఏడుగురి తల్లులు ఆ గర్భంలో డీఈఎస్ వాడారు. అసలు "నేను అప్పట్లో ఆ మాత్రలు వేసుకున్నాను, దానివల్లేనా?" అన్న ప్రశ్న ముందు ఒక తల్లి నోటి నుంచే వచ్చింది. అదే ఏడాది నవంబరులో గర్భిణులకు ఇవ్వొద్దని అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది.

ఎందుకలా? గర్భసంచి, యోని రూపుదిద్దుకునే వారాల్లో ఈ మందు మాయను దాటి బిడ్డకి చేరి, పైపొర మారాల్సిన చోట మారకుండా చేస్తుంది. ఉండకూడని చోట గ్రంథుల కణాలు మిగిలిపోతాయి. ఈ మార్పు స్కాన్‌లో కనబడదు, పురుడు పోసినవాళ్ళకీ కనబడదు.

అపోహ: డీఈఎస్ తల్లుల ఆడపిల్లలందరికీ క్యాన్సరే.

కాదు. ఆ క్యాన్సర్ సుమారు వెయ్యిమందిలో ఒకరికి వచ్చింది. ఎక్కువమందిని బాధపెట్టింది సంతానం విషయం: గర్భసంచి ఇంగ్లీషు 'టి' ఆకారంలో ఉండటం, ట్యూబులో గర్భం, నెలలు నిండకుండా కాన్పు. 2011లో వచ్చిన లెక్కల్లో పిల్లలు కలగకపోవడం వీళ్ళలో 33 శాతం, మిగతావాళ్ళలో 15.5 శాతం. నలభై దాటాక రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా కొంత ఎక్కువే.

అపోహ: డీఈఎస్ తల్లుల మగపిల్లలకి ఏమీ కాదు. అయింది. వృషణాల దగ్గర నీటి తిత్తులు, కిందికి దిగని వృషణాలు.

అపోహ: నెలసరి వాయిదా మాత్రలు హార్మోన్లు కావు.

చందనోత్సవం ముందు, వరలక్ష్మీ వ్రతం ముందు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనేది నోరెథిస్టిరాన్, అది హార్మోనే. దాన్ని పెద్ద మోతాదులో ఎక్కువ కాలం గర్భిణులకు ఇచ్చిన పాతరోజుల్లో కొందరు ఆడశిశువుల జననాంగాల్లో మార్పులు వచ్చాయి. గర్భం ఉందని తెలియక నాలుగు రోజులు వేసుకున్నంత మాత్రాన గర్భం తీయించుకోనక్కర్లేదు, మాకు చెప్పండి చాలు. అంతకంటే మేలు, డేట్ అనుమానంగా ఉంటే ముందు యూరిన్ టెస్ట్ చేసుకోండి. "మాత్ర వేసుకో, నెలసరి వస్తే సరి, రాకపోతే కడుపే" అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అలాంటి టెస్టులకి వాడిన పెద్ద మోతాదు ఈస్ట్రోజన్-ప్రొజెస్టిరాన్ జంట మందుల్ని మన దేశంలో 1988లోనే నిషేధించారు.

ఇక గాజువాక అమ్మాయి మందు మళ్ళీ మొదలుపెట్టింది. వెళ్తుంటే వాళ్ళ అత్తగారు "బిల్లు పారేయొచ్చా డాక్టరమ్మా?" అని అడిగారు. పారేయొద్దు, కాకపోతే దాచినా లాభం లేదు, ఆ మెషిన్ బిల్లులు మన వైజాగ్ ఎండకి నాలుగు నెలల్లో తెల్లకాగితాలవుతాయి. స్ట్రిప్ వెనక మందు పేరూ, మోతాదూ, వాడిన తేదీలూ ఫొటో తీసి పిల్ల టీకాల కార్డుతో కలిపి పెట్టమన్నాను. ఇరవై ఏళ్ల తర్వాత ఏ డాక్టరైనా "మీ అమ్మ ఏం వాడింది?" అని అడిగితే ఆ పిల్ల చూపించగలగాలి కదా.