లారీ డ్రైవర్‌కు ఇల్లు పట్టదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి లోడు కోసం బండి పెట్టి రెండో రోజు. కిటికీ తీస్తే ఘాటు, మూస్తే ఉక్క. ఖాళీగా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. క్లీనర్‌గా నాలుగేళ్లు, జీతానికి డ్రైవర్‌గా పన్నెండేళ్లు, ఆరేళ్లుగా సొంత పది టైర్ల బండి. మా బావమరిది కొడుకు ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు, లారీ లైన్‌కు వస్తానంటున్నాడు. వాడికి అందరూ తలా ఒకటి చెబుతున్నారు. అందులో చాలావరకు తప్పు.

అపోహ: ఎంత దూరం పోతే ఇంటికి అంత దూరమవుతాం.

నేనూ చాలా ఏళ్లు ఇదే అనుకున్నాను. ఒక పత్తి ట్రిప్పు లెక్క చూడండి. జిన్నింగు మిల్లులో 100 బేళ్లు, అంటే నొక్కి కట్టిన దూది మూటలు, ఎక్కిస్తారు. బేలుకు సుమారు 170 కిలోలు, అంటే 17 టన్నులు. కోయంబత్తూరు వైపు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. తొందరపడకుండా, రాత్రి పడుకుంటూ పోయినా మూడు రోజులు. రావడానికి మూడు రోజులు. మరి ట్రిప్పుకు పది పన్నెండు రోజులు ఎందుకు పడుతుంది? ఇక్కడ లోడింగుకు ఒక రోజు, అక్కడ దింపడానికి ఒక రోజు, మిగిలినదంతా తిరుగు లోడు కోసం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు చెట్టు కింద. మనల్ని ఇంటికి దూరం చేసేది బండి తిరిగే రోజులు కాదు, ఆగే రోజులు.

అందుకే సొంత బండి వచ్చాక ఒక నియమం పెట్టుకున్నాను. దింపిన తర్వాత రెండు రాత్రులే చూస్తాను. మూడో రోజు పొద్దున ఏది దొరికితే అది, తక్కువ కిరాయి అయినా, సగం దూరమే అయినా ఎక్కించుకుని కదులుతాను. తోటివాళ్లు నవ్వారు. కానీ ఆగిన రోజు కిస్తీ ఆగదు, హోటల్ తిండి ఆగదు. మంచి కిరాయి కోసం నాలుగు రోజులు చూసి తెచ్చిన పైసల్లోంచి ఆ నాలుగు రోజుల ఖర్చు తీసేస్తే మిగిలేది చాలాసార్లు చిల్లరే.

జీతానికి నడిపేవాళ్లకు ఈ స్వేచ్ఛ లేదు, ఒప్పుకుంటాను. వాళ్లు పనిలో చేరే రోజే ఓనరుతో నెలకు ఇంట్లో ఎన్ని రోజులో మాట్లాడుకోవాలి. చేరాక అడిగితే అది బతిమాలుకోవడం అవుతుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారంలో ఒక సెలవు అని రాశారు. ఇన్నేళ్లలో దాన్ని పాటించిన బండిని నేనైతే చూడలేదు.

ఇంట్లో వాళ్ల సంగతి. మొదట్లో ఎప్పుడు ఫోన్ చేసినా "రేపొస్త" అనేవాణ్ణి. మా ఆవిడ వండి పెట్టేది, బిడ్డ నిద్ర ఆపుకుని కూర్చునేది. నేను కర్నూలు దగ్గరే ఉండేవాణ్ణి. ఒకరోజు గట్టిగానే అంది: "రేపొస్త అని చెప్పకు. తెలిస్తే ఫలానా దినం అని చెప్పు, లేకుంటే రానని చెప్పు. మేం తిని పండుకుంటం." అప్పటి నుంచి రోజు ఖాయమైతేనే చెబుతున్నాను, దానికి అర రోజు కలిపి మరీ.

అపోహ: వీడియో కాల్ ఉండగా దూరమేంటి?

ఉంది. కానీ ఇంటి నుంచి నాకు ఫోన్ రాకూడదని ఒప్పందం. మోగితే చేయి దానంతట అదే పోతుంది. రోజూ రాత్రి ఏడున్నర ఎనిమిది మధ్య బండి పక్కన పెట్టి నేనే చేస్తాను.

అపోహ: టీ తాగితే నిద్ర ఎగిరిపోతుంది. మొహం కడుక్కుంటే ఇంకా మంచిది.

టీ పనిచేయడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. నీళ్లు మొహం ఆరేదాకే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే 65 మీటర్లకు పైగా ఎవరూ నడపని బండి. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒంటికి నిద్ర కావాలి, ఎంత అనుభవం ఉన్నా సరే. ఆ మూడు గంటలు నేను నడపను.

ఈ నియమం ఊరికే రాలేదు. ఒక ఏడాది సద్దుల బతుకమ్మకు తెల్లారేసరికి ఇంట్లో ఉంటానని మాట ఇచ్చి, పగలూ రాత్రీ నడిపాను. హైదరాబాద్ దాటాను, జనగామ దాటాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక బండి రోడ్డు దిగి మట్టిలో కుదిపితే మెలకువ వచ్చింది. అవును, మెలకువే. పక్కన క్లీనర్ పిల్లగాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. వాడికి ఇప్పటికీ చెప్పలేదు. అలసట ఇంటి ముఖం పట్టాకే మోసం చేస్తుంది, ఇంకో గంటే కదా అనిపిస్తుంది కాబట్టి. పండుగకు అందాలని నడపకండి. అందకపోతే అందలేదు.

అపోహ: లైన్ మీద ఉంటే మొక్కులు, పండుగలు వదులుకోవాల్సిందే.

మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి. నాలుగు రోజుల్లో ఊరంతా పోతుంది. నేను రెండు జాతరలు తప్పాను. మా అవ్వ బాధపడింది, బంగారం మొక్కు ఉండె మరి. (కొత్తవాళ్లకు: సమ్మక్క సారలమ్మకు బంగారమంటే బెల్లం.) తర్వాత తెలిసిందేమంటే, జాతరకు ముందే మొక్కు అప్పజెప్పి వచ్చేవాళ్లు బోలెడు మంది. జాతర అయ్యాక బుధవారం తిరుగువారం కూడా ఉంది. గద్దెల దగ్గర తొక్కిసలాట లేదు, అవ్వను చేయి పట్టుకుని తీసుకుపోయాను. దారిలో ములుగు గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, బండి చుట్టూ తిరిగి చూసేటప్పుడు టైర్లూ చూశాను. నిమ్మకాయలు నేనూ కడతాను, కాకపోతే గాలి చెక్ చేశాకే.

అయ్యప్ప మాల విషయంలో ఓడిపోయాను. కార్తీక మాసంలో మాల, సరిగ్గా అప్పుడే పత్తి సీజన్. 41 రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, ఆపైన రోజంతా స్టీరింగ్. రెండేళ్లు చేశాను, రెండోసారి కళ్లు తిరిగాయి. గురుస్వామిని అడిగితే లోకల్ ట్రిప్పులు ఉన్న ఏడాదే వేసుకో అన్నారు. ఇంకా ఆ ఏడాది రాలేదు.

కాజీపేట దర్గా దగ్గర ఉండే తోటి డ్రైవరన్న ఒకాయన నాకంటే నయం. ప్రయాణంలో ఉన్నవాడు నాలుగు రకాతుల నమాజును రెండుకు తగ్గించుకోవచ్చు, రోజాను (ఉపవాసాన్ని) తర్వాత ఉండి తీర్చుకోవచ్చు అని వాళ్ల ధర్మంలోనే ఉందట. ఎండాకాలం రంజాన్‌లో లోడుతో పోతూ వదిలిన రోజాలు రాసిపెట్టుకుని వానాకాలంలో ఉంటాడు.

అపోహ: సొంత బండి కొంటే ముందుచూపు ఉన్నట్టే.

బండి ఆస్తి కాదు, కిస్తీ. అది తీరేసరికి ఇంజన్ పని మొదలవుతుంది. ముందుచూపంటే కాగితాలు. ఇన్సూరెన్స్‌లో ఓనర్ కమ్ డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ ఉంటుంది, కానీ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్. లైన్ మీదుండి తేదీ మరిచిపోయినవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదానికి 2 లక్షల సురక్షా బీమా, 436 కడితే ఏ కారణంతో పోయినా 2 లక్షల జీవన్ జ్యోతి. దీనికి 50 ఏళ్లలోపు చేరాలి. ఈ కాగితాలన్నీ ఎక్కడున్నాయో ఇంటావిడకు తెలియాలి. బండి డ్యాష్‌బోర్డులో పెట్టుకుంటే ఏం లాభం?

అటల్ పెన్షన్‌కు 40 దాటితే చేర్చుకోరు. నేను బ్యాంకుకు పోయింది 41లో. తీరిక లేదనుకుంటూ నాలుగేళ్లు దాటేశాను, చెట్ల కింద అన్ని రోజులు ఖాళీగా కూర్చుని కూడా.

అపోహ: లారీ డ్రైవర్‌కు పిల్లనివ్వరు.

ఇది అపోహ కాదు, చాలావరకు నిజమే. మా అల్లుడికి, అదే బావమరిది కొడుకుకు, పోయిన నెల ఒక సంబంధం వచ్చింది. లైన్‌కు పోతాడని తెలిసి, పిల్ల తల్లి మా ఆవిడకు ఫోన్ చేసింది. పొలం ఎంత, ఇల్లు ఎంత అని అడగలేదు. "మీ ఆయన నెలకు ఎన్ని దినాలు ఇంట్ల ఉంటడు వదినా?" అంది.

"పోయిన నెల తొమ్మిది. అంతకుముందు నెల ఆరు," అంది మా ఆవిడ, తడుముకోకుండా.

నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. వంటింట్లో క్యాలెండర్ మీద, నేను ఇంట్లో ఉన్న రోజులకు పెన్సిల్‌తో గీత పెడుతుందట, పెళ్లయిన ఏడాది నుంచీ. పాత క్యాలెండర్లు కూడా పారేయలేదు.